నాలుగు గొంతుల హార్మొనీలో ఫిఫ్త్స్: 'మ' నుంచి 'ప'కి వెళ్ళేచోట ఏం మార్చాలి?

పాలకొల్లు ఆల్టో

క్రిస్మస్‌కి పాడబోయే ఒక స్తుతిపాటకి నాలుగు గొంతుల అమరిక మా క్వయర్ చేతికొచ్చింది. స్కేల్ సి మేజర్. చివరి లైన్లో ఒకటో కార్డ్, నాలుగో కార్డ్, ఐదో కార్డ్, మళ్ళీ ఒకటో కార్డ్ వస్తాయి. అంతవరకూ నిండుగా వినిపించే పాట నాలుగు నుంచి ఐదుకి వెళ్ళేచోట ఒక్కసారిగా పలచబడిపోతోంది. మా దగ్గర చాలామంది స్వరాలతోనే నేర్చుకుంటారు కాబట్టి అలాగే రాస్తున్నాను. మధ్య స అంటే కీబోర్డ్ మీద మిడిల్ సి.

సోప్రానో: మధ్య ప, ద, ని, తార స
ఆల్టో: మధ్య గ, మ, ప, ప
టెనర్: మధ్య స, స, రి, గ
బాస్: మంద్ర స, మ, ప, స

శ్రుతి ఎవరికీ పోవడం లేదు. పారలల్ ఫిఫ్త్స్ (రెండు గొంతులు పంచమం దూరంలోనే జంటగా జరగడం) ఉన్నాయని ఒకరన్నారు. సోప్రానో లైన్ ముట్టుకోవడానికి వీల్లేదండి, సంఘమంతా ఎరిగిన పాట. మిగతా మూడు గొంతుల్లో ఏం మార్చాలి?

వశిష్ఠ బాస్

ఆల్టో గారూ, మీ అమరికలో ఫిఫ్త్స్‌తోపాటు ఆక్టేవ్స్ కూడా ఉన్నాయండి. రెండూ ఆ ఒక్క అడుగులోనే.

నాలుగో కార్డ్ (మ ద స)లో బాస్ 'మ', టెనర్ 'స'. ఇది శుద్ధ పంచమం. ఐదో కార్డ్ (ప ని రి)లో బాస్ 'ప', టెనర్ 'రి'. మళ్ళీ శుద్ధ పంచమమే. అవే రెండు గొంతులు, ఇద్దరూ పైకే కదిలారు. బాస్, ఆల్టోలు చూస్తే మ-మ నుంచి ప-ప, అంటే ఆక్టేవ్ వెంట ఆక్టేవ్. ఆ ఒక్క బీట్‌లో టెనరూ ఆల్టో బాస్‌కి నీడలైపోయారు. నాలుగు గొంతులున్న పాట రెండు గొంతులకి పడిపోయింది. మీకు పలచగా వినిపించింది అదే.

తప్పు పట్టడానికి సులువైన పద్ధతి ఒకటుంది. ప్రతి కార్డ్ కింద పెన్సిల్‌తో రెండే రాయండి: రూట్ (కార్డ్‌కి ఆధారమైన స్వరం) ఎవరి దగ్గరుంది, ఫిఫ్త్ (రూట్ నుంచి ఐదో స్వరం) ఎవరి దగ్గరుంది. మామూలు మూడు స్వరాల కార్డ్‌లో పంచమం పుట్టేది రూట్‌కీ దాని ఫిఫ్త్‌కీ మధ్యే. మరో జత లేదు. కాబట్టి వరసగా రెండు వేర్వేరు కార్డుల్లో రూట్ ఒకే గొంతు దగ్గర, ఫిఫ్త్ ఒకే గొంతు దగ్గర ఉండిపోతే అక్కడ ఆగి చూడాలి. మీ పాటలో నాలుగో కార్డ్‌కి రూట్ బాస్, ఆల్టో, ఫిఫ్త్ టెనర్. ఐదో కార్డ్‌కీ రూట్ బాస్, ఆల్టో, ఫిఫ్త్ టెనర్. ఎవరి వాటా వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

ఒక్క మినహాయింపు. ఫిఫ్త్ పైన కాకుండా రూట్‌కి కింద ఉంటే అది పంచమం కాదు, ఫోర్త్. పై మూడు గొంతుల్లో ఫోర్త్‌లు వరసగా వచ్చినా ఇబ్బంది లేదు. మీ టెనర్, ఆల్టోలు స-మ నుంచి రి-ప వెళ్ళారు కదా, అది తప్పు కాదు.

రాజోలు కీబోర్డ్

ఒక సందేహమండి. తంబురా కచేరీ మొదలు నుంచి చివరి దాకా స-ప మోగుతూనే ఉంటుంది. షడ్జ పంచమ భావం అంటేనే మన సంగీతానికి పునాది. అదే పంచమాన్ని ఇక్కడ నేరంలా చూడటం ఎందుకు?

గౌతమి థియరీ

పంచమం మీద ఎవరికీ కోపం లేదండి. నాలుగు గొంతుల పాటలో ప్రతి మామూలు కార్డ్‌లోనూ అది ఉంటుంది. నియమం ఉన్నది కదలిక మీద. తంబురాలో స కదలదు, ప కదలదు. హార్మొనీలో కూడా రెండు గొంతులు స-ప పట్టుకుని నాలుగు బీట్లు నిలబడితే దాన్ని పారలల్ అనరు. ఒకరు నిలబడి ఒకరు కదిలినా ఫర్వాలేదు. ఇద్దరూ కదిలి, మళ్ళీ పంచమం మీదే వాలితేనే చిక్కు.

ఎందుకో లెక్కలో చూద్దాం. పై ఉదాహరణలో బాస్ మంద్ర మ సుమారు 174.6 హెర్ట్జ్. దాని మూడో హార్మోనిక్ (స్వరంతోపాటు సన్నగా మోగే మూడింతల కంపనం) 523.8. టెనర్ మధ్య స 261.6, దాని రెండో హార్మోనిక్ 523.3. రెండూ దాదాపు ఒకేచోట. అందుకే ఆ రెండు గొంతులూ కలిసిపోయి ఒకే నాదంలా వినిపిస్తాయి. తర్వాత బీట్‌లో బాస్ ప 196, మూడింతలు 588. టెనర్ రి 293.7, రెండింతలు 587.3. మళ్ళీ అదే కలయిక. ఒక్కసారి కలిస్తే చెవికి హాయి. కలిసినవి విడిపోకుండా జంటగా జరిగితే ఇద్దరు మనుషులు పాడుతున్నారన్న స్పృహ పోతుంది. పంచమం 3:2 నిష్పత్తికే ఇంత కలయిక ఉంటే 2:1 ఆక్టేవ్‌కి ఇంకా ఎక్కువ. థర్డ్‌లు, సిక్స్త్‌లు ఇంతగా కలవవు, అందుకే అవి వరసగా వచ్చినా రెండు గొంతులు రెండుగానే వినపడతాయి.

9వ శతాబ్దపు ఆర్గానమ్ అనే తొలినాటి చర్చి బహుగళ గానంలో గొంతులు కావాలనే పంచమాల్లో నడిచేవి. 14వ శతాబ్దపు శాస్త్రగ్రంథాల నాటికే దీన్ని వద్దనడం కనిపిస్తుంది. 1725లో సంగీత శాస్త్రకారుడు ఫుక్స్ రాసిన గ్రంథం తర్వాత పాఠంగా స్థిరపడింది. 20వ శతాబ్దంలో ఫ్రెంచ్ స్వరకర్త డెబుస్సీ లాంటివాళ్ళు ఆ బోలు ధ్వనే కావాలని మళ్ళీ తెచ్చుకున్నారు. అంటే ఇది ప్రకృతి ధర్మమేమీ కాదు. నలుగురూ సమానంగా, స్వతంత్రంగా వినపడాలన్న శైలికి సంబంధించిన నియమం. ఆ శైలిలో రాస్తున్నప్పుడు మాత్రం గట్టిగా పాటించాల్సిందే.

రాజోలు కీబోర్డ్

మరైతే ఆరాధనలో మగవాళ్ళు, ఆడవాళ్ళు ఒకే కీర్తన ఆక్టేవ్ తేడాతో పాడుతుంటారు. అదీ తప్పేనా?

గౌతమి థియరీ

కాదండి. అక్కడ ఉన్నది ఒకే గొంతు, దాన్ని రెండు స్థాయిల్లో పాడుతున్నారు. మొదటి నుంచి చివరి దాకా అలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ మాయమైనట్టు అనిపించదు. నలుగురుగా మొదలుపెట్టి మధ్యలో ఇద్దరైపోతేనే లోటు తెలుస్తుంది.

వశిష్ఠ బాస్

ఇక మందు. మామూలుగా నాలుగు నుంచి ఐదుకి వెళ్ళేటప్పుడు బాస్ పైకి వెళ్తుంది కాబట్టి పై మూడు గొంతులూ కిందికి రావాలి. సోప్రానో ద→ప, ఆల్టో మ→రి, టెనర్ స→మంద్ర ని, బాస్ మ→ప. నాలుగు గొంతుల్లో కుదిరే ఆరు జతలూ శుభ్రం. సోప్రానో స్వేచ్ఛగా ఉంటే కళ్ళు మూసుకుని ఇదే రాయొచ్చు.

కానీ మీ సోప్రానో ద→ని. బాస్‌తో పాటు పైకే. ఆ రాగానికి నాలుగో కార్డ్‌ని రూట్ పొజిషన్‌లో (రూట్ బాస్‌లో ఉండేలా) పెడితే సుఖం ఉండదు. టెనర్ స నుంచి రికి పోతే ఫిఫ్త్స్. 'ని'కి పోతే సోప్రానో దగ్గరున్న లీడింగ్ నోట్ (సకి లాగే 'ని') రెండోసారి వస్తుంది, అదీ కూడదు. మంద్ర పకి దూకితే బాస్ నెత్తిన కూర్చుంటుంది. కాబట్టి కార్డే మార్చండి. నాలుగో కార్డ్ బదులు రెండో కార్డ్ (రి మ ద) మొదటి ఇన్వర్షన్, అంటే రూట్ బదులు థర్డ్ బాస్‌లో ఉండటం: బాస్‌లో అదే మ, పైన రి, ద. బాస్ లైన్ మారదు, పాట రంగూ దాదాపు అదే.

బాస్: మంద్ర మ → మంద్ర ప
టెనర్: మధ్య రి → మధ్య రి
ఆల్టో: మధ్య మ → మధ్య రి
సోప్రానో: మధ్య ద → మధ్య ని

టెనర్ కదలడు. ఆల్టో బాస్‌కి ఎదురు దిక్కున దిగుతుంది. ఐదో కార్డ్ మీద టెనర్, ఆల్టో ఒకే రి దగ్గర కలుస్తారు, ఒక్క బీట్ కాబట్టి ఫర్వాలేదు.

నరసాపురం టెనర్

బాస్ గారూ, ముందు బీట్ కూడా చూడాలండి. పాత అమరికలో ఒకటో కార్డ్‌కి టెనర్ మధ్య స, సోప్రానో మధ్య ప. మీరు చెప్పిన రెండో కార్డ్‌లో టెనర్ రి, సోప్రానో ద. స-ప నుంచి రి-ద. కొత్త ఫిఫ్త్స్ పుట్టాయి, ఈసారి టెనర్‌కీ సోప్రానోకీ మధ్య. మీరు చెప్పిన రూట్-ఫిఫ్త్ లెక్కే పట్టిస్తోంది: ఒకటో కార్డ్‌కి రూట్ టెనర్, ఫిఫ్త్ సోప్రానో, రెండో కార్డ్‌కీ అంతే.

కార్డ్ మార్చినప్పుడల్లా ముందు అతుకు, వెనక అతుకు రెండూ పరీక్షించాలి. ఎక్కువమంది వెనక అతుకు సరిచేసి ముందుది వదిలేస్తారు. ఈ చోట మందు ఏమిటంటే, ఒకటో కార్డ్‌లో టెనర్‌కి 'స' తీసేసి మధ్య గ ఇవ్వండి, ఆల్టోని సోప్రానోతో పాటు మధ్య ప మీద పెట్టండి. రూట్ బాస్ దగ్గర ఎలాగూ ఉంది.

సోప్రానో: ప, ద, ని, తార స
ఆల్టో: ప, మ, రి, గ
టెనర్: గ, రి, రి, స
బాస్: మంద్ర స, మ, ప, స

టెనర్ లైన్ చూడండి, గ-రి-రి-స. రిహార్సల్ లేకుండానే పాడేయొచ్చు. బాస్ మొదట పైకి వెళ్తుంటే టెనర్, ఆల్టో కిందికి వస్తున్నారు.

పాలకొల్లు ఆల్టో

చాలా సంతోషమండి. ఒక్క ప్రశ్న. చివరి కార్డ్‌లో మూడు 'స'లు, ఒక 'గ' ఉన్నాయి, 'ప' అసలు లేదు. ఆల్టోని రి నుంచి మధ్య పకి, టెనర్‌ని రి నుంచి గకి పంపితే కార్డ్ నిండుతుంది కదా? బాస్ కిందికి దిగుతోంది, ఆల్టో పైకి వెళ్తోంది, దిక్కులు వేరు కాబట్టి పారలల్ అవ్వదనుకుంటున్నాను.

గౌతమి థియరీ

అది కూడా వద్దండి. ఐదో కార్డ్‌లో బాస్ ప, ఆల్టో రి: పంచమం. చివరి కార్డ్‌లో బాస్ స, ఆల్టో ప: ఆక్టేవ్ మీద పంచమం. స్థాయి మారింది తప్ప అంతరం అదే. ఎదురు కదలికలో వచ్చినా రెండు పంచమాలు వెంటవెంటనే వచ్చినట్టే లెక్క. పరీక్షల్లో దీనికి మార్కులు కోస్తారు. ఇంతకీ చెవికి తగిలేది దిక్కు ఒక్కటే కాదు, రెండు బోలు అంతరాలు ఒకదాని వెనక ఒకటి రావడం.

కేడెన్స్ (పాట లైన్ ముగింపు) చివర ఫిఫ్త్ లేని ఒకటో కార్డ్‌ని సంప్రదాయం ఎప్పుడో ఒప్పుకుంది. మూడు రూట్లు, ఒక థర్డ్. థర్డ్ మాత్రం పోకూడదు. 'గ' లేకపోతే ఆ కార్డ్ మేజరో మైనరో కూడా తెలియదు. 'ప' లోటు ఎవరికీ వినపడదు. బాస్ పాడే 'స' మూడో హార్మోనిక్‌గా అది గాలిలో ఎలాగూ ఉంటుంది.

మండపేట సోల్ఫా

దాగిన ఫిఫ్త్స్ అని ఒకటి చెబుతారు కదా. ప్రతి జతలోనూ చూడాలా?

వశిష్ఠ బాస్

అక్కర్లేదు. బయటి రెండు గొంతులు, అంటే సోప్రానో, బాస్ మధ్య చూస్తే చాలు. రెండూ ఒకే దిక్కున కదిలి పంచమం మీద వాలాయి, పైగా సోప్రానో గెంతింది: అది వద్దు. ఉదాహరణకి బాస్ స నుంచి మకి ఎక్కుతుంటే సోప్రానో మధ్య గ నుంచి తార సకి దూకడం. సోప్రానో పక్క మెట్టుకే వెళ్తే అనుమతి ఉంది. ఆక్టేవ్ మీద వాలినా ఇదే నియమం. లోపలి గొంతుల్లో దీన్ని వెతుక్కుంటూ కూర్చుంటే పాట రాయలేం.

పాత సహజ హార్న్‌లు రెండు కలిసి పాడితే గ-స, ప-రి, స-గ అని వెళ్ళేవి. మధ్యలో ప-రి పంచమం ఒకే దిక్కు కదలికలోనే వస్తుంది, కానీ పై హార్న్ స-రి అని మెట్టు మీద నడుస్తుంది. వాల్వ్‌లు లేని హార్న్‌కి ఆ చోట దొరికేవే ఆ స్వరాలు. చెవి దాన్ని ఏనాడూ తప్పనలేదు.

మండపేట సోల్ఫా

మరి ని-మ నుంచి స-ప? మొదటిది శుద్ధ పంచమం కాదుగా.

గౌతమి థియరీ

మంచి చోట అడిగారు. శుద్ధ పంచమం నుంచి తగ్గిన పంచమానికి (ని-మ లాగా అరమెట్టు చిన్నదానికి) వెళ్ళడం ఎప్పుడూ సమ్మతమే. తిరుగు దారే జాగ్రత్త. ని-మ జంటకి సహజమైన దారి లోపలికి ముడుచుకోవడం: ని పైకి సకి, మ కిందికి గకి. మ కూడా పైకి పకి పోతే స-ప అవుతుంది. బాస్ 'ని' పట్టుకున్నప్పుడు ఇలా చేయకండి, స్పష్టంగా వినపడుతుంది.

పై గొంతుల మధ్య మాత్రం ఒక్క ప్రసిద్ధ సందర్భంలో ఒప్పుకుంటారు. బాస్ స-రి-గ ఎక్కుతుంటే, సోప్రానో గ-మ-ప అని థర్డ్ దూరంలో తోడు నడుస్తుంటే, లోపలి గొంతు స-ని-స. ఇక్కడ ని-మ నుంచి స-ప వస్తుంది. చెవి బయటి గొంతుల థర్డ్‌ల నడక మీదే ఉంటుంది కాబట్టి అది తెలియకుండా పోతుంది.

నరసాపురం టెనర్

ఫిఫ్త్స్ ఎక్కువగా పడేచోట్లు నిజానికి కొన్నే. రూట్లు ఒక్క మెట్టు దూరంలో ఉన్న కార్డులు: ఒకటి-రెండు, నాలుగు-ఐదు, ఐదు-ఆరు. వీటికి ఉమ్మడి స్వరం ఉండదు, అందరూ కదలాల్సిందే, అందుకే అందరూ ఒకే దిక్కుకి కొట్టుకుపోతారు. రూట్ల మధ్య దూరం ఫోర్త్ గానీ ఫిఫ్త్ గానీ అయితే ఒక ఉమ్మడి స్వరం, థర్డ్ అయితే రెండు. వాటిని అదే గొంతులో ఆపేస్తే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

ఐదు-ఆరు దగ్గర ప్రత్యేకం. బాస్ ప→ద, సోప్రానో ని→తార స (లీడింగ్ నోట్ ఎక్కి తీరాలి), టెనర్ రి→స, ఆల్టో ప→గ. ఆరో కార్డ్‌లో 'స' రెండుసార్లు వస్తుంది, అంటే థర్డ్ డబుల్ అయింది. ఇక్కడ అది తప్పు కాదు, అదే మందు. రూట్ డబుల్ చేయాలని పట్టుబట్టి ఆల్టోని ప నుంచి దకీ, టెనర్‌ని రి నుంచి గకీ ఎక్కిస్తే ఫిఫ్త్స్, ఆక్టేవ్స్ రెండూ పడతాయి.

ఏడో స్వరం కలిసిన కార్డుల్లో ఇంకో జత పుడుతుందని గుర్తుంచుకోండి. రి-మ-ద-స కార్డ్‌లో రి-ద ఒక పంచమం, మ-స ఇంకోటి. రూట్-ఫిఫ్త్ లెక్కతోపాటు అక్కడ థర్డ్-సెవెన్త్ లెక్క కూడా రాసుకోవాలి.

రాజోలు కీబోర్డ్

ఫిఫ్త్స్ పడ్డచోట మధ్యలో ఒక పాసింగ్ నోట్ (రెండు కార్డ్ స్వరాల మధ్య దాటుకుంటూ పోయే స్వరం) దూర్చేస్తే పోతుందని కొందరు అలాగే రాస్తుంటారు.

గౌతమి థియరీ

పోదు. ఒక బీట్ మీద మ-స, తర్వాత బీట్ మీద ప-రి ఉంటే మధ్యలో అరబీట్ స్వరం ఏది పెట్టినా చెవి బీట్ నుంచి బీట్‌కే లెక్క కడుతుంది. పైగా శుభ్రంగా ఉన్నచోట పాసింగ్ నోట్ కొత్త ఫిఫ్త్స్ తెచ్చిపెట్టొచ్చు. కేడెన్స్ దగ్గర సోప్రానో రి నుంచి ముందుగానే సకి దిగుతుంటే, అదే క్షణంలో లోపలి గొంతు ప నుంచి మకి జారితే ప-రి, మ-స వస్తాయి. ఇలాంటివి బాఖ్ కోరల్స్‌లోనే ఉన్నాయి; అవి అలంకార స్వరాల వల్ల వచ్చినవి, కార్డ్ స్వరాల మధ్యవి కావు. పరీక్ష రాసేవాళ్ళు మాత్రం అది చూసి ధైర్యం చేయకండి.

మైనర్‌లో ఇంకోటి. జర్మన్ సిక్స్త్ కార్డ్ (ద1, స, గ2, మ2) నేరుగా ఐదో కార్డ్‌కి వెళ్తే ద1-గ2 నుంచి ప-రి2, నికార్సైన ఫిఫ్త్స్. దారి తేలికే: బాస్ పకి దిగినప్పుడు పైన స, గ2లను అలాగే ఆపండి, తర్వాత బీట్‌లో ని3, రి2కి దించండి.

మండపేట సోల్ఫా

మా దగ్గర ఎక్కువ పాడేవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే. పైన రాగం, తాళం రాసి ఉంటాయి. మోహనలో ఉన్న కీర్తనకి నాలుగు గొంతులు పెట్టొచ్చా?

వశిష్ఠ బాస్

మోహన స్వరాలు స రి గ ప ద. వీటిలో పూర్తి కార్డులు రెండే దొరుకుతాయి: స గ ప, ద స గ. ఐదో కార్డ్‌కి ని కావాలి, నాలుగో కార్డ్‌కి మ కావాలి. నా అభిప్రాయం, ఆ రెండు స్వరాలనీ లోపలి గొంతుల్లోనే, బీట్ బలం లేనిచోట వాడొచ్చు. సోప్రానోలోకి రానివ్వకండి, రాగం పోతుంది.

నరసాపురం టెనర్

నేను ఒప్పుకోనండి. లోపలి గొంతుల్లో పెట్టినా 'ని' వినపడగానే అది శంకరాభరణం వైపు లాగుతుంది. మోహనకి బాస్, టెనర్ స-ప పట్టుకుని నిలబడితే చాలు, ఆల్టో ఒక్కటే రాగం కింద థర్డ్, ఫోర్త్ దూరంలో నడవొచ్చు. నిలబడ్డ స-ప తంబురా లాంటిదే, ఏ నియమమూ మీరినట్టు కాదు. చేయకూడనిది ఒక్కటే: రాగం రి మీదికి వెళ్ళిందని ఆ ఇద్దరూ కూడా స-ప నుంచి రి-దకి జరగడం. గమకం ఉన్నచోట ఆల్టోని కూడా ఆపేయాలి, లేకపోతే ఒకరు ఊపుతుంటే ఇంకొకరు నిలువుగా పాడి గజిబిజి అవుతుంది.

వశిష్ఠ బాస్

గమకం మాట నిజం. 'ని' విషయంలో మాత్రం కీర్తనని బట్టి చూడాలంటాను. ముగింపు లేకుండా నాలుగు చరణాలు స-ప మీదే నిలబెడితే బాస్‌లు నిద్రపోతారు, శ్రుతి కూడా జారుతుంది.

రాజోలు కీబోర్డ్

రిహార్సల్‌లో ఫిఫ్త్స్ పట్టడానికి పద్ధతి ఏదైనా ఉందా? నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌కి పారలల్స్ చూపించే ప్లగిన్లున్నాయి గానీ అందరి దగ్గరా కంప్యూటర్ ఉండదు.

నరసాపురం టెనర్

నాలుగు గొంతుల్లో జతలు ఆరు. అనుమానమున్న రెండు కార్డులనే తీసుకుని జత జతగా పాడించండి. ముందు బాస్-సోప్రానో, తర్వాత బాస్-టెనర్, బాస్-ఆల్టో. తప్పుల్లో ఎక్కువ ఈ మూడింట్లోనే దొరుకుతాయి. ఆ తర్వాత టెనర్-సోప్రానో, టెనర్-ఆల్టో, ఆల్టో-సోప్రానో. మెల్లగా, 'ఆ' కారంతో, గమకం లేకుండా.

కీబోర్డ్ తోడు పెడితే పియానో టోన్ పెట్టండి. ఆర్గన్ టోన్‌లో 2⅔ డ్రాబార్ (అదనపు స్వరాన్ని కలిపే మీట) లాగి ఉంటే ప్రతి మెట్టుకీ ఆక్టేవ్ మీది పంచమం కలిసి మోగుతుంది. అప్పుడు ఏ ఫిఫ్త్ గొంతులది, ఏది వాయిద్యానిది అని చెవికి తేలదు. ఎడమ చేత్తో స-ప, మ-స, ప-రి అని గుప్పెళ్ళు వేయడం కూడా ఆపాలి. గొంతులు శుభ్రంగా ఉన్నా వాయిద్యం ఫిఫ్త్స్ వినిపిస్తుంది. బాస్ లైన్ ఒక్కటి చాలు.

పాలకొల్లు ఆల్టో

టెనర్ గారు ఇచ్చిన నాలుగు లైన్లూ రాసుకున్నానండి. ఆరు జతలూ కాగితం మీద చూశాను, ఎక్కడా పడలేదు. ఐదో కార్డ్ మీద టెనర్, ఆల్టో ఒకే రి పాడేచోట బలం ఎక్కువైపోదా?

నరసాపురం టెనర్

టెనర్లని కాస్త తగ్గించి పాడమనండి. మధ్య రి టెనర్‌కి పై భాగంలో పడుతుంది, ఆల్టోకి కింది భాగంలో. ఇద్దరూ ఒకే బలంతో పాడినా టెనరే ముందుకొస్తాడు. ఆల్టోలు మామూలుగానే పాడాలి, మ నుంచి రికి దిగేటప్పుడు గొంతు వదలకుండా. సోప్రానో 'ని' స్పష్టంగా వినిపిస్తే ఆ కార్డ్ కుదిరినట్టే.